అల్లుడున్నంతసేపూ నొప్పి సున్నా

ఆ రోజుల్లో మా వైపు జనానికి నొప్పంటే నొప్పే. వస్తే మూలిగేవాళ్లు, తగ్గితే లేచి పనికి పోయేవాళ్లు. దానికి ఒక నంబరుంటుందనీ, ఆ నంబరు కాగితమెక్కనిదే అది నొప్పి కింద లెక్కకు రాదనీ పాపం వాళ్లకు తెలియదు. ఈ అజ్ఞానాన్ని పారదోలడానికి తాండూరులో ఇద్దరం కంకణం కట్టుకున్నాం. ఒకరు మా ఆసుపత్రి క్వాలిటీ సారు, రెండోది నేను. ఇప్పుడు వికారాబాద్‌లో నర్సింగ్ చదివే ఆడపిల్లలకు నొప్పిని కొలిచే పద్ధతుల మీద పాఠం చెబుతుంటాను. వాళ్లు బుద్ధిగా తలలు వంచుకుని రాసుకుంటారు. ఆ వంచిన తలలు చూసినప్పుడల్లా, కొత్త యూనిఫారమేసుకుని, జేబులో రెండు రంగుల పెన్నులు పెట్టుకుని, పొద్దున ప్యాసింజరు బండిలో వికారాబాద్ నుంచి తాండూరు జనం నొప్పి కొలవడానికి బయల్దేరిన ఒక పిల్ల గుర్తొచ్చి, పాఠం మధ్యలో నవ్వు ఆపుకోవడం కష్టమవుతుంది.

మాది ప్రైవేటు ఆసుపత్రి. కింద మందుల దుకాణం, పైన వార్డు. పట్నం నుంచి ఎవరో పెద్దలు వచ్చి చూసి మా ఆసుపత్రికి సర్టిఫికెట్ ఇస్తారని యజమానికి ఎవరో చెప్పారు. దాంతో ఆయన క్వాలిటీ సారును తెచ్చుకున్నాడు. ఆ సారు వచ్చిన వారంలోపే చేసిన మొదటి ఘనకార్యం, ప్రతి మంచం తల దగ్గరా ఒక బొమ్మల అట్ట వేలాడదీయించడం. అందులో వరసగా ఆరు గుండ్రటి మొహాలు. మొదటిది పళ్లు కనబడేలా నవ్వుతుంటుంది, దాని కింద సున్నా. చివరిది బొటబొటా కన్నీళ్లు కారుస్తుంటుంది, దాని కింద పది. మధ్యలోవి ఉద్యోగాలు చేసుకునే వాళ్ల మొహాల్లా ఉండేవి. రోగి తన నొప్పికి తగిన మొహాన్ని చూపించాలి, లేదా నంబరు చెప్పాలి. నాలుగూ, ఆ పైన ఐతే ఇంజెక్షను. అంతకు తక్కువైతే మాత్ర. సున్నా ఐతే ఏమీ లేదు, నవ్వుతూ పడుకోవడమే. (నీళ్ల పంపు చెడిపోయి నెల దాటింది, దాన్ని బాగుచేయించడానికి మాత్రం క్వాలిటీలో చోటు దొరకలేదు.)

ఇక మా రోగులు. గంజ్ మార్కెట్లో కందుల వ్యాపారం చేసే సేటు ఒకాయన, వేలు విరిగి వచ్చాడు. ఎంత నొప్పి అంటే ఎనిమిది అన్నాడు. నేను పెన్ను తీసేలోపే, ఏడున్నర చేసుకొమ్మన్నాడు. ఇంకాసేపు నిలబడితే ఆరుకు తెగేదే. కోట్‌పల్లి నుంచి వచ్చిన రైతు, నొప్పికి నంబరేంది, అదేమన్నా బస్సా అని అడిగాడు. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన ఒకామె నేను చెప్పింది సగం తెలుగులో, సగం కన్నడలో విని, ఆ నాలుగో మొహం అచ్చం తన మొగుడిలా ఉందని చుట్టుపక్కల మంచాలవాళ్లందరికీ చూపించి, వాళ్లంతా నవ్వేసరికి తన నొప్పి సంగతే మర్చిపోయింది. పొద్దున్నే ఏడుపు మొహం మీద వేలు పెడితే అరిష్టమని కొందరు నవ్వే మొహం మీదనే వేలు పెట్టి, నోటితో మాత్రం సచ్చిపోతున్న అనేవాళ్లు. నేను అన్నీ రాసుకునేదాన్ని. మూడేళ్లు చదివిన చదువు, ఊరికే పోనిస్తానా?

ఆ సమయంలో వచ్చింది అవ్వ. ఆమెది దౌల్తాబాద్ దగ్గరి పల్లె. ఒక్కతే కూతురు. ఆ కూతురు తాండూరులో కాన్పై పచ్చి బాలింతగా ఉంటే, చేసిపెట్టడానికి వచ్చి, స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. కూతురు పసిగుడ్డును వదిలి రాలేదు. అవ్వది మొగదిక్కు లేని ఇల్లు. కాబట్టి అత్తను ఎత్తుకొచ్చి, సంతకాలు పెట్టి, ఆపరేషను చేయించి, మంచం పక్కన నిలబడ్డవాడు అల్లుడు. నాపరాళ్లు పాలిష్ పట్టే మిల్లులో పని. బట్టలు ఎన్ని దులిపినా ఆ తెల్లటి దుమ్ము పోయేది కాదు. అత్తకు మంచినీళ్లు తాగించడం, మందులు తేవడం, ఆయాను బతిమాలడం, అన్నీ అతనే. అలాంటి అల్లుడు దొరకడం అదృష్టమని వార్డంతా అనుకుంది. ఆ అదృష్టమే అవ్వ ప్రాణం మీదికి తెచ్చింది.

ఎందుకంటే, మా వైపు పాతకాలం ఆడవాళ్లు అల్లుడి ముందర మంచమ్మీద కూర్చోరు. కొంగు తలమీద నుంచి జారనివ్వరు. నేరుగా మాట్లాడరు. ఒంట్లో ఫలానా చోట నొప్పి అని చెప్పడమంటే, అంతకన్నా ఊరు విడిచిపోవడం నయం. మా నాయనమ్మ కూడా అంతే, ఆమె అల్లుడు, అంటే మా మామయ్య, వస్తున్నాడంటే మంచం దిగి గోడవారగా కూర్చునేది. ఇదంతా నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. కానీ నొప్పిని కొలిచే శాస్త్రంలో అల్లుళ్ల గురించి ఒక్క ముక్క లేదు. మత్తు దిగగానే అవ్వ అడిగిన మొదటి మాట, "నన్ను కింద పండబెట్టు బిడ్డా" అని. తుంటి కోసి ఇనుము పెట్టిన మనిషిని కింద ఎలా పడుకోబెడతాం? కుదరదన్నాను. ఆమె కొంగు నుదుటి దాకా లాక్కుంది. అత్త తన ఎదుట మంచమ్మీద ఉండటానికి సిగ్గుపడుతోందని అల్లుడికీ అర్థమై, మర్యాదకు తాను స్టూలు మీద కూర్చోవడం మానేసి నిలబడ్డాడు. అతను నిలబడితే కాళ్లు నొప్పి పుడతాయని ఆమె బాధ. "గాయన్ను జర కూసొమ్మను బిడ్డా" అని నాతో చెప్పించేది. ఏం పరవాలేదని అతను నాతోనే చెప్పించేవాడు. చేతికందేంత దూరంలో ఉన్న ఇద్దరి మధ్య నేను పోస్టు మోస్తుండేదాన్ని.

మత్తు పూర్తిగా దిగాక నొప్పి అడిగాను. అట్ట చూపించి, ఆరు మొహాలూ వివరించాను. కొంగులోంచి అవ్వ ఒకసారి అట్టను, ఒకసారి అల్లుడి పాదాలను చూసింది. ఆమె చెయ్యి మంచం ఇనుప పట్టీని ఎంత బిగించి పట్టుకుందంటే వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. పెదవి కొరుక్కున్న చోట రక్తం చుక్క. చెమటకు దిండు తడిసింది. "ఏం లేదు బిడ్డా, మంచిగున్న" అంది. సున్నా. ఆ పూటా సున్నా, తర్వాతి పూటా సున్నా. రాసినదాన్ని రాసినట్టు ఎముకల డాక్టరు చూశాడు. ఆయన వికారాబాద్ నుంచి బండికొచ్చి, మళ్లీ బండి అందుకునే మనిషి. సున్నాలను చూసి మురిసిపోయి, ఇంత ఓర్పుగల మనిషిని చూసి తన అత్తగారు నేర్చుకోవాలని ఒక హాస్యమాడి, కాగితంలో రాసి ఉన్న నొప్పి ఇంజెక్షనును గీత పెట్టి కొట్టేశాడు. మర్నాడు మాత్రం ఆమెను లేపి నిలబెట్టి తీరాలన్నాడు. ఈ వయసులో తుంటి విరిగినవాళ్లు లేవకుండా పడుకుంటే ఛాతీలో నెమ్ము చేరుతుందనీ, ఆ తర్వాత తన చేతుల్లో ఏమీ ఉండదనీ చెప్పి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆమె సున్నా అంటున్నది అల్లుడి మొహం చూసి అని నేను మెట్ల దాకా వెంటపడి చెప్పాను. బండి టైమైంది, క్వాలిటీ సారుకు చెప్పమన్నాడు.

చెప్పాను. మేం చదువుకున్నప్పుడు నొప్పిని కొలవడానికి ఇంకో పద్ధతి కూడా నేర్పారు. మనిషి మొహం, చేతుల బిగువు, ఊపిరి, నాడి చూసి అంచనా కట్టడం. అలా చూస్తే అవ్వ నొప్పి ఎనిమిదికి తగ్గదు. అది రాయనివ్వమని బతిమాలాను. సారు నన్ను కూర్చోబెట్టి, జాలిగా, చిన్నపిల్లకు ఎక్కం చెప్పినట్టు చెప్పాడు. "సిస్టర్, పేషెంటు చెప్పిందే నొప్పి. నువ్వు చూసింది నొప్పి కాదు, నీ అభిప్రాయం." ఆ రెండో పద్ధతి మాట రాని పసిపిల్లలకూ, స్పృహ లేనివాళ్లకూ మాత్రమేనట. అవ్వకు మాటొచ్చు కదా? వచ్చు సారూ, ఇందాకే అల్లుడికి టిఫినైందా అని నన్ను అడిగింది అన్నాను. చూశావా, ఎంత చక్కగా మాట్లాడుతోందో అన్నాడు. ఆ మాటతో నా ఒళ్లు మండిపోయింది, కానీ అప్పట్లో ఒళ్లు మండినా నోట్లోంచి వచ్చేది సరే సార్ అనే.

మర్నాడు పొద్దున ఆయా, నేను కలిసి అవ్వను లేపాం. లేచి కూర్చుంది. కాలు కింద మోపిందో లేదో, మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. కళ్లు తేలేసింది. అప్పుడు కూడా ఆమె మొదట చేసిన పని జారిన కొంగు తలమీదికి లాక్కోవడం. "నిద్రొస్తుంది బిడ్డా, తర్వాత లేస్త" అని వాలిపోయింది. పొద్దున ఎనిమిదింటికి, రాత్రంతా కునుకు లేని కళ్లతో, నిద్రొస్తుందట! అల్లుడు పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుంది. మధ్యాహ్నానికి దగ్గు మొదలైంది. ఈ మనిషి మంచానికే అంటుకుపోతే నెమ్ము చేరుతుంది, నెమ్ము చేరితే ఈమె మనకు దక్కదు, కాగితంలో మాత్రం సున్నా నొప్పితో హాయిగా పోయిందని ఉంటుంది.

ఇక అల్లుణ్ని బయటికి పంపడమొక్కటే దారనుకున్నాను. చూడవచ్చేవాళ్ల వేళ అయిపోయిందన్నాను. వాచ్‌మన్ వాళ్ల పక్క తండావాడేనట, లోపలికి వదిలాడు, అల్లుడు వెళ్లినవాడు వెళ్లినట్టే తిరిగొచ్చాడు. స్టేషన్ దగ్గరి దుకాణంలో మాత్రమే దొరుకుతుందని ఒక మందు పేరు చెప్పి పంపాను. (ఆ మందు కింది దుకాణంలోనే ఉంది.) ఎవరి మోటారు సైకిలో అడుక్కుని, నేను అవ్వ మంచం దగ్గరికి చేరేలోపే తెచ్చి చేతిలో పెట్టాడు. చివరికి, అవ్వను తుడిచి బట్టలు మార్చాలి, తెర అవతల నిలబడమన్నాను. నిలబడ్డాడు. తెర లాగి, గొంతు తగ్గించి, ఇప్పుడు చెప్పవే అవ్వా, ఎవరూ లేరు అన్నాను. ఆమె కళ్లు తెర అడుగుకు పోయాయి. అక్కడ రాతిదుమ్ము పట్టిన రెండు రబ్బరు చెప్పులు, వాటిలో రెండు పాదాలు, మా వైపే తిరిగి ఉన్నాయి. "ఏం లేదు బిడ్డా" అంది అవ్వ.

నా ఓర్పు అక్కడితో అయిపోయింది. అల్లుణ్ని వరండాలోకి పిలిచి, అన్నా, నీకు దండం పెడతా, కాసేపు ఈ ఆసుపత్రి వదిలి పో అన్నాను. అతను పోనన్నాడు. ఎందుకు పోవని కసిరాను. అప్పటిదాకా మెత్తగా ఉన్న మనిషి గోడ వైపు తిరిగి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అన్నాడు. "మా అమ్మ గూడ గిట్లనే సిస్టరమ్మా. ఏం లేదు కొడుకా, ఏం లేదు అనుకుంటనే ఉండె. నేను నమ్మి మిల్లుకు పోయిన. వచ్చేసరికి అయిపోయింది. గందుకే ఈమెను ఇడిసి పోను. నొప్పైతే చెప్పకపోతదా, నేను ఇనకపోతనా అని నిలబడ్డ."

నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపును మింగి, కోపంగానే చెప్పాను, లేకపోతే చెప్పలేకపోయేదాన్ని. "నువ్వు నిలబడ్డందుకే చెప్తలేదన్నా. నువ్వున్నంతసేపు గామె ఏం లేదనే అంటది." అతను ఏమనుకున్నాడో, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

అవ్వ మంచం కిటికీ పక్కనే. కిందికి చూస్తే రోడ్డు, రోడ్డవతల చాయ్ హోటలు. మంచం తల వైపు ఎత్తి ఆమెకు చూపించాను. చాయ్ హోటలు ముందర, ఎండలో, మాకు బాగా కనబడేటట్టు, బళ్లో గోడకుర్చీ వేయబోయే పిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు అల్లుడు. అవ్వ చాలాసేపు చూసింది. "గాయనకు ఇనబడదు గదా?" అని అడిగింది. వినబడదన్నాను. "ఒట్టు?" అంది. నా తలమీద చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేశాను.

అప్పుడు అరిచింది అవ్వ. అలా ఇలా కాదు. మూడు రోజుల అరుపు ఒక్కసారే బయటికొచ్చింది. ఓ యవ్వో, సచ్చిపోతున్ననే అని ఆమె ఎత్తుకున్న ఆలాపనకు ఆయా చేతిలోని గిన్నె కింద పడింది, వేలు విరిగిన సేటు లేచి కూర్చున్నాడు, మూల మంచం మీది ముసలాయన తనకేమో అయిందనుకుని దేవుణ్ని తలచుకున్నాడు. నేను మాత్రం, శాస్త్రం తెలిసిన మనిషిని కనుక, అట్ట చేతిలో పట్టుకుని, అవ్వా, సున్నా నుంచి పది దాకా ఎంత అని అడిగాను. ఆ అరుపు మధ్యలోనే ఆగి నా వైపు తిరిగి, "నీ నంబరు మీద మన్నువొయ్య, ఇంక నంబరేనా? పది రాస్కో, ఇరవై రాస్కో, సూది మాత్రం తే" అంది. అంత స్పష్టమైన జవాబు ఆ అట్టకు అంతకుముందెవరూ ఇవ్వలేదు. ఇరవైకి మా దగ్గర మొహం లేదు కాబట్టి పది రాసి, డాక్టరుకు ఫోను చేసి, ఇంజెక్షను ఇచ్చాను.

ఇస్తూ కిటికీలోంచి చూశాను. అరుపు రోడ్డు దాటి వినబడనే వినబడింది. (ఒట్టు తప్పింది నేను కాదు, అవ్వ గొంతు.) అల్లుడు పరుగున సగం రోడ్డు దాకా వచ్చేశాడు. రాళ్ల లారీ ఒకటి హారను కొడుతుంటే రోడ్డు మధ్యలోనే ఆగిపోయాడు. రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ఒక్క క్షణం నిలబడి, వెనక్కి తిరిగి, మళ్లీ చాయ్ హోటలు ముందరికే వెళ్లి నిలబడ్డాడు. ముందుకు రావడం కన్నా ఆ వెనక్కి పోవడమే అతనికి కష్టమైందని నాకు పైనుంచే తెలిసింది.

మందు పని చేశాక, సాయంత్రం ఆయా, నేను కలిసి లేపితే అవ్వ నిలబడింది. మూలుగుతూ, మమ్మల్నీ, ఆ స్నానాల గది కట్టిన మేస్త్రినీ తిడుతూ, మంచం చుట్టూ అడుగులు కూడా వేసింది. చెబుదామని కిందికి దిగాను. అల్లుడు ఎదురొచ్చి, అరిచింది మా అత్తనేనా అని అడిగాడు. ఔనన్నాను. బడిలో బిడ్డ పద్యం ఎలా చెప్పిందని అడిగే తండ్రిలా, "మంచిగ అరిసిందా?" అన్నాడు. "మస్తు అరిసిందన్నా" అన్నాను. మొహమంతా వెలిగిపోయింది. నాకో చాయ్ చెప్పి, తానూ ఒకటి చెప్పుకుని, మూడు రోజుల తర్వాత మొదటిసారి బల్లమీద కూర్చున్నాడు. ఆ తర్వాత అతని కాపలా అక్కడి నుంచే. పొద్దున, సాయంత్రం కిటికీ వైపు చెవి పెట్టుకుని ఉండేవాడు. అత్త అరుపు వినబడితే నిశ్చింతగా మిల్లుకు పోయేవాడు.

క్వాలిటీ సారు మాత్రం నన్ను గదిలోకి పిలిపించాడు. సున్నా, సున్నా, సున్నా అని చక్కగా పోతున్న గీత ఒక్కసారిగా పదికి ఎగబాకితే పట్నం పెద్దలు ఏమనుకుంటారని గోల పెట్టాడు. మధ్యలో రెండు, నాలుగు, ఆరు వేసి కొంచెం నునుపు చేయలేకపోయానా అని అడిగాడు. పేషెంటు చెప్పిందే నొప్పి కదా సార్ అన్నాను, ఎంతో వినయంగా. ఆయన ఫ్యాను ఎందుకు తిరగట్లేదని ఆయాను కేకేశాడు. నా ఉద్యోగజీవితంలో అంతటి సుఖం మళ్లీ దొరకలేదు.

ఇంటికి పంపే రోజు అవ్వ వాకరు పట్టుకుని తానే నడుస్తానంది. వార్డు నుంచి ర్యాంపు మీదుగా గేటు దాకా. గేటు బయట ఆటో. అల్లుడు బట్టల సంచి భుజాన వేసుకుని ముందు నడిచాడు, ఆమె సిగ్గు పడనక్కర్లేనంత ముందు. వెనక్కి తిరిగి ఒక్కసారి కూడా చూడలేదు. వెనకాల అవ్వ, ఆయా చెయ్యి ఆసరాగా, అడుగుకో అబ్బా, అడుగుకో అవ్వో అంటూ వస్తోంది. సగం దారిలో ఆయాసంతో ఆగి, మూలగడం మానేసింది. ముందు పోతున్న అల్లుడూ చటుక్కున ఆగిపోయాడు. తిరిగి చూడలేడు, చూడకుండా ఉండలేడు. వీపు మొత్తం చెవులు చేసుకుని అలాగే నిలబడ్డాడు. వెనక నుంచి మళ్లీ అబ్బా అని వినబడేదాకా అతను అడుగు కదపలేదు. వినబడ్డాక సంచి సర్దుకుని నడిచాడు.

ఇదంతా జరుగుతున్నప్పుడు నేనెక్కడున్నానంటే, వార్డు తలుపు దగ్గర, అట్ట చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాను. అవ్వ ఒక్కో మూలుగుకూ, ఎవరూ అడక్కపోయినా, ఐదు, నాలుగు, ఇదిగో ఈసారి మూడు అని పెదవుల్లోనే మార్కులేస్తున్నాను. రెండు రంగుల పెన్నుల ఆ పిల్ల మొహం ఎంత గంభీరంగా ఉందో తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, నవ్వుతో పాటే ముద్దూ వస్తుంది. ఆ తలుపు దాకా వెళ్లి, దాని జడ పట్టుకుని గుంజి, లెక్కలు చాలుగానీ, పోయి అవ్వను ఆటో ఎక్కించవే పిల్లా అనాలనిపిస్తుంది.